ఎడమ అరచేతిలో బొట్టుబిళ్ళ

తెల్ల ఎలుక ముంగాలికి చిన్న జిగురు కాగితం ముక్క అంటించి దాన్ని గాజుపెట్టెలో వదులుతాం. ఆరోగ్యంగా ఉన్న ఎలుక క్షణం ఊరుకోదు. కాలు దులుపుతుంది, మూతితో లాగుతుంది, పళ్ళతో పీకి పారేస్తుంది. మెదడులో ఒక పక్క రక్తం ఆగిన ఎలుక అట్లా చేయదు. కాలికి కాగితం ఉందని దానికి తెలియదు. తెలిసినా తీయడం చేతకాదు. పెట్టె బయట కూర్చుని, అది ఎంతసేపటికి తెలుసుకుంది, ఎంతసేపటికి తీసింది అని రాసుకోవడం నా ఉద్యోగంలో ఒక భాగం. తిరుపతిలో మా పరిశోధనశాలలో చాలా ఏళ్ళుగా ఇదే పని. పక్షవాతం వచ్చినప్పుడు, తలకు దెబ్బ తగిలినప్పుడు, చచ్చిపోబోయే మెదడు కణాలను కాసేపైనా కాపాడే మందు కోసం వెతుకుతున్నాం.

కొత్తగా చేరిన విద్యార్థులకు నేను చేనితో పోల్చి చెప్పేవాడిని. మాది చిత్తూరు పక్కన మెట్టపొలాల ఊరు. వాన మొహం చాటేస్తే శెనక్కాయ చేను ఒక్కసారిగా ఎండదు. గట్టి నేల మీది మొక్కలు ముందు పోతాయి. వాటి చుట్టూ ఉన్నవి ఆకులు ముడుచుకుని, తల వాల్చి, బతికీ బతకనట్టు నిలబడి ఉంటాయి. ఒక్క పదును వాన పడితే లేస్తాయి, పడకపోతే అవీ పోతాయి. రక్తనాళం మూసుకున్నప్పుడు మెదడులో జరిగేదీ ఇంచుమించు అదే. నడిమి భాగం పోయినా చుట్టూ తల వాల్చినవి మిగిలి ఉంటాయి. వాన పడేదాకా వాటిని నిలబెట్టడమే మా మందు పని. ఎలుకల్లో కొన్నిసార్లు నిలబెట్టింది. మనుషుల్లో నిలబెడుతుందా అన్నది ఇంకా తేలలేదు.

పోయిన ఏడాది మామిడిపండ్ల కాలంలో ఆ ఎలుక పరీక్షను నా మీద నేనే చేసుకోవడం మొదలుపెట్టాను. కాగితం ముక్కకు బదులు నా భార్య బొట్టుబిళ్ళ.

అది ఆదివారం. ఇంట్లో మేమిద్దరమే ఉంటాం. ఆమె మేడ మీద బట్టలు ఆరేస్తోంది, నేను వంటింట్లో బేనీషా మామిడిపండు కోస్తున్నాను. ఎడమ చేతిలో ఉన్న పండు జారి కింద పడింది. వంగి తీశాను. మళ్ళీ జారింది. ఎవరిదో చెయ్యి తెచ్చి నా భుజానికి తగిలించినట్టు వేలాడుతోంది. ఆమెను పిలవబోయాను. నోట్లోంచి వచ్చింది మాటలా లేదు, నీళ్ళలో మునిగిన మనిషి అరుపులా ఉంది. స్టీలు ప్లేటు తిప్పి మొహం చూసుకున్నాను. పెదవి ఒక పక్కకు దిగిపోయి ఉంది.

ఆమె మెట్లు దిగే లోపల అంతా తిరిగి వచ్చేసింది. చెయ్యి వచ్చింది, మాట వచ్చింది, పెదవి సర్దుకుంది.

జరిగింది ఏమిటో నాకు తెలుసు. రక్తపు గడ్డ ఒకటి వచ్చి, కాసేపు అడ్డుపడి, దానంతట అదే కరిగిపోయింది. ఇలాంటిది వచ్చిన మనిషికి అసలైనది ఆ తర్వాతి కొద్ది రోజుల్లోనే వచ్చే ప్రమాదం ఎక్కువని, తగ్గిపోయింది కదా అని ఇంట్లో కూర్చోకూడదని, బడుల్లోనూ కల్యాణమండపాల్లోనూ మైకు పట్టుకుని చెప్పిన మనిషిని. ఆ రోజు నేను చేసిందల్లా నేల తుడవడం. తర్వాత పండు కడుక్కుని తిన్నాను. అలమరలో ఆస్పిరిన్ ఉంది. నాళం మూసుకుందో చిట్లిందో స్కాను తీయకుండా రూఢిగా తెలియదు, చిట్లి ఉంటే ఆ బిళ్ళ ప్రమాదం. అందుకని బిళ్ళా వేసుకోలేదు, స్కానుకూ పోలేదు. నేను చదివిన చదువు నన్ను వంటింట్లోనే కట్టి పడేసింది.

సాకులు చాలానే చెప్పుకున్నాను. రిపోర్టు పంపాల్సిన గడువు దగ్గర పడిందన్నాను. టీచరైన నా భార్యకు బడి తెరిచే సమయమన్నాను. లోపల ఉన్నది ఉత్త భయం. పక్షవాతం వార్డులో మంచాల మీద పడుకున్నవాళ్ళను ఏళ్ళ తరబడి పై నుంచి చూసినవాడిని. కింద నుంచి చూడాల్సి వస్తుందన్న ఊహను దగ్గరికి రానిచ్చేవాడిని కాదు. ఇన్నేళ్ళు వెతికిన మందు నా చేతిలో లేదు. అది మనుషుల్లో పని చేస్తుందని తేలేదాకా అడిగేందుకు కూడా ఏమీ లేదు.

ఆ రోజుల్లో నాకు పదే పదే గుర్తొచ్చిన మనిషి ఒకడున్నాడు.

మందును మనుషుల్లో పరీక్షించే పని మొదలయ్యాక ఆసుపత్రి అత్యవసర విభాగంలో రోగుల కుటుంబాలతో మాట్లాడేవాడిని. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఈయన చివరగా మామూలుగా ఉన్నది ఎప్పుడు? ఆ జవాబు మీదే మిగతాదంతా ఆధారపడుతుంది. ఒకరోజు చిత్తూరు నుంచి మామిడి మండీ పెద్దాయన ఒకరిని తెచ్చారు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. గడ్డం మీద పచ్చటి చార ఎండి ఉంది. మా వైపు పక్షవాతం అంటే చాలామంది ముందు పసరు పోసే ఊరికి తీసుకెళ్తారు, ఆ తర్వాతే ఆసుపత్రి. మింగడం చేతకాని మనిషి నోట్లో పసరు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఆ చార చూడగానే నాకు ఒళ్ళు మండింది.

"ఎప్పుడు పడిపోయినాడు?" అని కొడుకును అడిగాను. నలభై ఏళ్ళు దాటినవాడు, భుజం మీద తువాలు.

"పొద్దన్నే సార్."

"ఈ పొద్దా?"

నేల చూశాడు. "నిన్న పొద్దన్న."

"దానికి ముందు బాగుండాడా?"

"ముందు రోజు మండీలో..." అని ఆగిపోయాడు.

మండీలో బేరం నోటితో చేయరు. చుట్టూ జనం వింటారు కాబట్టి, కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని, నొక్కి ధర చెప్పుకుంటారు.

"తువాల కింద నాయన వేళ్ళు నొక్కలే సార్," అన్నాడు కొడుకు. "అవతలాయన పట్టుకోని అడగతా ఉండాడు, నాయన ఊరికే ఉండాడు. ఆయప్పేమో 'ఏందన్నా, ఇంత బెట్టు చేస్తా ఉండావు, ధర నచ్చలేదా' అని నగినాడంట. నాయన కూడా నగి, 'రేపు సూద్దాంలే అబ్బా' అని లేసొచ్చేసినాడు. ఇంటికొచ్చి పండుకున్నాడు. మాకెవురికీ చెప్పలే. మండీ అంతా, పెద్దాయన గట్టోడప్పా, వేలు కూడా కదిలించకుండా బేరం తిప్పినాడు అనుకున్నారు సార్."

"ఆ పొద్దే తెచ్చింటే ఏమన్నా చేసుండొచ్చు," అన్నాను. అక్కడితో ఆపలేదు. "పసరు పోయించుకుంటా కూర్చోని, మీ నాయన మెదడును మీ చేతులతో మీరే చంపుకున్నారు."

అతను తువాలు తడిపి తండ్రి గడ్డం మీది పచ్చ చార తుడవడం మొదలుపెట్టాడు. అప్పుడు చూశాను, పెద్దాయన కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆయనకు మాట పోయింది గానీ వినికిడి పోలేదు. నేనన్నవన్నీ విన్నాడు. సాయంత్రం క్యాంటీన్‌లో ఆ కొడుకును ఎలా దులిపేశానో తోటివాళ్ళకు చెప్పుకున్నాను కూడా.

ఆ పెద్దాయన చేసిందే ఇప్పుడు నేను చేశాను. ఆయనకు అది ఏమిటో తెలియదు. నాకు తెలుసు.

పొద్దున ఆమె వంటింట్లో ఉన్నప్పుడు నేను స్నానాలగదిలో తలుపు వేసుకునేవాడిని. ఆమె బొట్టుబిళ్ళ ఒకటి ఎడమ అరచేతి నడుమ అంటించి, కళ్ళు మూసుకుని, అదే చేతి వేళ్ళతో గోకి తీయాలి. వెంటనే వస్తే ఆ రోజుకు బతికినట్టే. తీసిన బిళ్ళను గోడకు అంటించి బయటికి వచ్చేవాడిని. అదొక మొక్కులా తయారైంది. డాక్టరు దగ్గరికి పోవాల్సిన మనిషిని, దాన్ని చేసుకుని పోయినంత తృప్తి పడ్డాను.

నా భార్య చంద్రగిరి దాటాక ఒక ఊరి బడిలో టీచరు. మా మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది, నన్ను ఆట పట్టించే హక్కు కూడా అప్పటిదే. ఒకరోజు కాఫీ ఇస్తూ మొదలుపెట్టింది.

"బావా, ఒక మాట అడగతా, కోప్పడబాకు. నువ్వు నా బొట్టుబిళ్ళలు పెట్టుకుంటా ఉండావా?"

"నేనా?"

"మరి ఈ ఇంట్లో ఇంకెవురుండారు? ప్యాకెట్టు చూస్తే ఖాళీ. బాత్రూము గోడ చూస్తే వరసగా బొట్లు. గోడకు పేరంటమా? ఈ వయసులో నీకు ముస్తాబు మీద మనసు పుట్టిందా ఏంది?"

"ల్యాబులో పనికొస్తాయేమోనని చూస్తా ఉండా మే. ఎలుకల కాళ్ళకు అంటించేదానికి."

"ఎలుకలకు బొట్టా!" ఆమె గ్లాసు కింద పెట్టి మరీ నవ్వింది. "శుక్రవారం పూట రొవ్వంత పసుపు కూడా రాయండి. పుణ్యముంటాది."

నేనూ నవ్వాను. ఆ సాయంత్రం బడి నుంచి వస్తూ ఒక చౌక ప్యాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇవి నీ ఎలుకలకు. నా మెరూన్ బిళ్ళల జోలికి రాబాకు." చెప్పాలంటే అంతకంటే మంచి సమయం లేదు. ప్యాకెట్టు తీసుకుని జేబులో వేసుకున్నాను.

బడులు తెరిచాక ఆమెను రోజూ స్కూటరు మీద దింపి, నేను వెనక్కి వచ్చేవాడిని. ఆ పని మాత్రం మానలేదు. మానితే ఎందుకని అడుగుతుంది.

ఆ రోజు పొద్దున స్నానాలగదిలో బిళ్ళ అంటించి, కళ్ళు మూసుకుని గోకాను. వచ్చేసిందనుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే అది అరచేతిలోనే ఉంది. వేళ్ళు దాని పక్కన ఎక్కడో ఖాళీ చర్మాన్ని గోకుతున్నాయి. సబ్బు చెయ్యి కదా అనుకున్నాను. కడిగి, తుడిచి, ఇంకొకటి అంటించాను. అది కాసేపటికి ఊడింది. ఎంతసేపటికో చూసుకోలేదు. చూసుకోవడం ఇష్టం లేకపోయింది.

"బావా, టైమయింది, బిరీన రా," అని బయటి నుంచి కేక.

తాళం చెవి తీసుకున్నాను.

నా భార్య స్కూటరు మీద పక్కకు కూర్చుని కుడి చెయ్యి నా ఎడమ భుజం మీద వేస్తుంది. పెళ్ళైన కొత్తలో ఒక స్పీడుబ్రేకరు దగ్గర జారి పడింది. అప్పటి నుంచీ ఆ చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంటుంది. ఆ బరువు నాకు ఒంటి మీది చొక్కాలాంటిది. ఉందన్న ఆలోచన కూడా రాదు. ఊరు దాటి చంద్రగిరి రోడ్డు ఎక్కాం. చిత్తూరు బస్సులు పక్క నుంచి దూసుకుపోతున్నాయి. కొంత దూరం పోయాక ఆ బరువు లేదు.

ఆమె పడిపోయింది.

నాకు తట్టింది అదొక్కటే. వెనక బస్సు వస్తోంది, ఆమె రోడ్డు మీద ఉంది. అరిచాను. బ్రేకు ఎట్లా వేశానో తెలియదు. స్కూటరు వంకర్లు తిరిగి మట్టిలోకి దిగి ఆగింది. చెవులు చిల్లులు పడేలా హారను కొడుతూ బస్సు మా పక్క నుంచే పోయింది. తల తిప్పి వెనక్కి చూశాను.

ఆమె అక్కడే ఉంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె చెయ్యి నా భుజం మీదే ఉంది. చొక్కా గుడ్డ ఆమె పిడికిట్లో ముడుచుకుని ఉండడం కనిపిస్తోంది. కంటికి కనిపిస్తోంది, ఒంటికి తెలియడం లేదు. ఆ భుజం మీద ఏమీ లేదు.

"ఏందబ్బా, నడిరోడ్లో అట్ల ఆపితివే! బస్సు కింద పెట్టేసుందువు గదా!"

టైరులో గాలి లేదని చెప్పబోయాను. ఆ నిమిషంలో కూడా అబద్ధమే తయారైంది. కానీ నోరు సహకరించలేదు. ఆమె కిందికి దిగి ముందుకు వచ్చి నా గడ్డం పట్టుకుంది.

"నోరేంది బావా అట్ల పోతా ఉండాది? ఇటు చూడు. చెయ్యెత్తు. రెండో చెయ్యి!"

రెండో చెయ్యి లేవలేదు. ఆమె రోడ్డుకు అడ్డం పోయి ఆటో ఆపింది. స్కూటరు తాళంతో సహా అక్కడే వదిలేశాం.

అదే అత్యవసర విభాగం. అదే తలుపు, తెలిసిన పైకప్పు. కింద నుంచి ఎప్పుడూ చూడలేదు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నన్ను గుర్తుపట్టి, "సార్, సార్," అని కంగారు పడ్డాడు. తర్వాత తేరుకుని, నా భార్య వైపు తిరిగి ఆ ప్రశ్న అడిగాడు.

"చివరగా మామూలుగా ఉన్నది ఎప్పుడు మేడమ్?"

"ఇప్పుడే సార్. దారిలోనే ఇట్లయింది. ఇంట్లో బాగుండాడు. కాఫీ తాగినాడు, నాతో మాట్లాడినాడు, బండి కూడా తనే నడిపినాడు."

డాక్టరు రాసుకుంటున్నాడు. గడ్డను కరిగించే మందు వేళకు ఇస్తే అది వాన. వేళ మించాక ఇస్తే మెదడులోనే రక్తం కారొచ్చు. ఏ వేళ నుంచి లెక్క అన్నది రోగి పక్కనున్నవాళ్ళు చెప్పేదాన్ని బట్టే. ఆమె తనకు తెలిసిన నిజం చెప్పింది. నాకు తెలిసిన నిజం వేరే ఉంది. అది స్నానాలగదిలో మొదలైంది. బయటపెడితే ఈ మందు వద్దని అనొచ్చు. దాస్తే ఆ కుర్రవాడు తప్పు లెక్కతో నా తల మీద పందెం కాస్తాడు. ఇంకోటి కూడా ఉంది. చెబితే ఆమెకు తెలిసిపోతుంది. ఈ మూడింటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది చివరిదే. మంచం మీద చావుబతుకుల మధ్య ఉండి కూడా, భార్య ముందు పరువు గురించి లెక్కలు వేశాను. నేనెలాంటి మనిషినో అక్కడ తెలిసింది.

తువాలు తడుపుతున్న ఆ కొడుకు గుర్తొచ్చాడు. అతను నేల చూస్తూనే అయినా, "నిన్న పొద్దన్న" అని చెప్పాడు.

"పొ... ద్దు..." అన్నాను. డాక్టరుకు అర్థం కాలేదు. ఆమె వంగింది. కుడి చెయ్యి ఎత్తి ఆమె నుదుటి మీది బొట్టుబిళ్ళ మీద వేలు పెట్టాను. ఆ వేలు తీసి నా ఎడమ అరచేతిలో పెట్టాను. మళ్ళీ నుదురు, మళ్ళీ అరచెయ్యి.

ఆమె నా అరచేతిని చూసింది. నా మొహం చూసింది.

"ఎలుకలకని చెప్తివే," అంది.

నేను కళ్ళు మూసుకోలేదు. మూసుకోవాలనిపించింది.

"ఈ పొద్దు బాత్రూములోనే తెలిసిందా నీకు?"

తల ఊపాను.

"ఎప్పట్నించి ఇది?"

"బే... నీ... షా," అన్నాను. ఆ ఒక్క మాటా ఎట్లాగో వచ్చింది.

ఆమె డాక్టరు వైపు తిరిగి హాజరు పిలిచే గొంతుతో చెప్పింది. "పొద్దన్న నిద్ర లేసి స్నానానికి పోయినప్పుడే తేడా తెలిసిందంట. మొదటిసారి మామిడిపండ్లప్పుడు వచ్చిందంట. రాసుకోండి."

డాక్టరు రాసింది కొట్టేసి మళ్ళీ రాశాడు. నిద్ర లేచింది ఎన్నింటికని అడిగాడు. స్కాను తీయించి ఆ బొమ్మలు చూశాడు, పెద్ద డాక్టరుకు ఫోను చేశాడు. ఆ కాసేపట్లో నేను పడ్డ భయానికి మాటలు లేవు. మిగిలి ఉన్నాయో లేదో చూసుకుందామని నాకు తెలిసిన మాటలను లోపల్లోపల పలుకుతూ పడుకున్నాను. మామిడి రకాలతో మొదలుపెట్టాను. నీలం, తోతాపురి, మల్గోవా. ఒక పేరు రాకపోతే ప్రాణం పోయినట్టుండేది. అది దొరికేదాకా రెండోదానికి పోయేవాడిని కాదు.

ఇంకా వేళ ఉందన్నారు. మందు ఎక్కించారు. అది ఎవరో ఎక్కడో కనిపెట్టిన గడ్డ కరిగించే మందు. నేను ఇన్నేళ్ళు పని చేసిన మందు, ఇంకా పరీక్షలోనే ఉన్నది, అదే ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

చెయ్యి మెల్లగా తిరిగి వచ్చింది. చివరి రెండు వేళ్ళు మాత్రం పూర్తిగా రాలేదు. మాట వచ్చాక కూడా నా భార్య నాతో పనికి మించి మాట్లాడలేదు. ఇంటికి వచ్చిన రోజు చొక్కా గుండీలు పెడుతూ అడిగింది.

"ఎనక నేను కూర్చోనుండానని తెలుసు గదా నీకు?"

"తెలుసు."

"తెలిసీ బండి తీసినావు."

"తీసినాను."

గుండీ పెట్టడం అయిపోయింది. ఆమె కాలరు సర్ది వంటింట్లోకి పోయింది. ఏమన్నా అనుంటే నాకు తేలిగ్గా ఉండేది.

స్కూటరు అమ్మేశాం. ఆమె బస్సులో పోతోంది. నేను మళ్ళీ పనిలో చేరాను గానీ, కుటుంబాలతో మాట్లాడే పని వేరేవాళ్ళకు అప్పజెప్పాను. చిత్తూరు మండీకి పోయి ఆ కొడుకును వెతికి ఒక మాట చెప్పాలని అనుకుంటూనే ఉన్నాను. మామిడికాయల లారీలు మళ్ళీ రోడ్డెక్కాయి. ఇంకా పోలేదు.

పొద్దున పరీక్ష ఆగలేదు. కాకపోతే ఇప్పుడు అది వంటింట్లో, ఆమె చేతుల మీదుగా జరుగుతుంది. "కండ్లు మూసుకో," అంటుంది. కొన్నిసార్లు బిళ్ళ అంటిస్తుంది, కొన్నిసార్లు ఊరికే వేలు ఆనించి తీసేస్తుంది, కొన్నిసార్లు అసలు ముట్టుకోదు. ఉందో లేదో నేను చెప్పాలి. మొదట్లో ఒకసారి ఊహించి చెప్పి దొరికిపోయాను. "మళ్ళా మొదలుపెట్టినావా?" అంది. అప్పటి నుంచీ ఊహించడం లేదు.

మొన్న పొద్దున కళ్ళు మూసుకుని చాలాసేపు ఆగాను. స్టవ్ మీద పాలు పొంగబోతున్న చప్పుడు వినబడుతోంది. చెయ్యి చాపి ఉన్నాను. అరచేతిలో ఏదో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. కుక్కర్ పక్కన ఆమె ఊపిరి తప్ప ఇంకేమీ తెలియడం లేదు. ఉందని చెప్పొచ్చు, లేదని చెప్పొచ్చు, ఏదో ఒకటి సరిపోతుంది.

"తెలీడం లేదు మే," అన్నాను.

"కండ్లు తెరువు."

బిళ్ళ ఉంది. అరచేతి నడుమ, ఎర్రగా.

ఆమె స్టవ్ ఆర్పి, చెప్పులు వేసుకుని, ఆసుపత్రి ఫైలు చంకలో పెట్టుకుంది. వీధి చివరి దాకా నడిచి ఆటో ఎక్కాం. ఆ రోజు స్కానులో కొత్తగా ఏమీ కనబడలేదన్నారు. అది తర్వాతి సంగతి. ఆటోలో మాకు అది తెలియదు. బిళ్ళ ఇంకా నా చేతిలోనే ఉంది, తీయడానికి ఇద్దరికీ తోచలేదు.

"నిన్న బిళ్ళ తెలిసిందా?" అని అడిగింది.

"తెలిసింది."

ఆమె నా వైపు చూడలేదు. రోడ్డునే చూస్తోంది.

"ఆలస్యంగా తెలిసింది," అన్నాను.

"ఎంత ఆలస్యంగా?"

చెప్పాను.